చెవులు కప్పే ఊలు పట్టీ: మా అల్లికల చరిత్ర, మా గంటల లెక్క

ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని రాస్తాం. ఈసారి ఒక్కో గ్రూపు తను చేసే వస్తువు చరిత్ర కూడా రాయాలని సమాఖ్య మీటింగులో అనుకున్నాం. మేము చేసేది ఊలు పట్టీ. తల చుట్టూ తిప్పి, రెండు చెవులు కప్పి, పక్కకు గుండీ పెట్టుకునేది. చెయ్యి వెడల్పు కూడా ఉండదు. కానీ దాని వెనక నూట యాభై ఏళ్ళకు పైబడిన ఆడవాళ్ళ కష్టం ఉంది. ఆ కష్టానికి లెక్క ఎందుకు రాయలేదో తెలిస్తే, ఈ రోజు మన పట్టీకి రేటు ఎట్లా పెట్టాలో కూడా తెలుస్తుంది. అందుకే ఇది రాస్తున్నాం.

మా బస్తీ, మా చలి

మేము ఉండేది ఫిల్మ్‌నగర్ బస్తీలో. మా పెద్దవాళ్ళు చెప్పే లెక్కన ఒకప్పుడు ఇక్కడ అంతా బండలు, తుప్పలు. 1960ల్లో జూబ్లీహిల్స్ సొసైటీ ఇళ్ళ స్థలాలు మొదలయ్యాయి. అప్పట్లో తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులోనే తీసేవారు. హైదరాబాదులో అమీర్‌పేట దగ్గర సారథి స్టూడియో ఉండేది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. ఆ తర్వాత పద్మాలయ వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది. సినిమావాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన స్థలాల్లో ఫిల్మ్‌నగర్ కాలనీ లేచింది. కొట్టడానికి బండలు ఉన్నాయి, కట్టడానికి ఇళ్ళు ఉన్నాయి కాబట్టి పాలమూరు నుంచి కూలీలు వచ్చారు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి లైట్లు మోసేవాళ్ళు, మేకప్పువాళ్ళు, కాస్ట్యూమ్ కుట్టేవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు వచ్చారు. పెద్ద బంగళాల పక్కనే బస్తీలు పెరిగాయి.

ఈ గుట్టల మీద డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న ఊరు. 1946 జనవరిలో ఇక్కడ 6.1 డిగ్రీలకు పడిపోయింది. ఇప్పుడు అంత చలి లేకపోయినా, తెల్లవారక ముందే బండి మీద షూటింగుకు పోయే లైట్‌మన్‌కు, అయిదింటికి బంగళాలో పాచిపనికి పోయే ఆడమనిషికి, కేబీఆర్ పార్కులో నడిచే పెద్దవాళ్ళకు మొదట గాలి కొట్టేది చెవికే. చెవి దగ్గర కొవ్వు లేదు, కండ లేదు. చలి ఎక్కితే నొప్పి తలలోకి పోతుంది. అందుకే ఈ పట్టీ మా దగ్గర అమ్ముడుపోతుంది.

ముందు గొంగడి

మా తెలంగాణలో చలికి, వానకు పాత కాలం నుంచి ఉన్నది గొంగడి. దక్కని గొర్రెల ఉన్నితో కురుమలు చేస్తారు. గొర్రె బొచ్చు కత్తిరిస్తారు, ఏకుతారు, ఆడవాళ్ళు నూలు వడుకుతారు, గుంట మగ్గం మీద నేస్తారు. చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తారు. రైతు దాన్ని తల మీదుగా ముడుచుకుంటే టోపీ అదే, గొడుగు అదే, రాత్రికి దుప్పటి అదే.

కానీ గొంగడి నేత, అల్లిక కాదు. నేతలో దారాలు నిలువుగా, అడ్డంగా పోతాయి. అందుకని సాగదు. అల్లికలో ఒకే దారం ముడిలోంచి ముడిగా పోతుంది. లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకు వస్తుంది. తలకు పట్టి ఉండే వస్తువుకు ఈ సాగుడే ప్రాణం. ముడుల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం ఇస్తుంది.

రెండు సూదుల అల్లిక చాలా పాతది. ఈజిప్టులో వందల ఏళ్ళ కిందటి అల్లిక మేజోళ్ళు దొరికాయి. యూరప్‌లో చలి దేశాల ఆడవాళ్ళు మేజోళ్ళు, టోపీలు అల్లి ఇంటికి, సైన్యానికి ఇచ్చేవారు. మనం మంకీ క్యాప్ అనేదాన్ని అక్కడ బాలాక్లావా అంటారు. అది క్రిమియాలో ఒక ఊరి పేరు. 1854లో అక్కడ యుద్ధం జరిగింది. ఆ చలిలో ఉన్న సైనికులకు ఇంటి దగ్గర ఆడవాళ్ళు అల్లి పంపిన టోపీలకు ఆ తర్వాత ఆ ఊరి పేరు పడింది. యుద్ధం జరిగిన ఊరి పేరు టోపీకి మిగిలింది. అల్లిన చేతుల పేరు మిగల్లేదు.

నరసాపురం కథ

మా గ్రూపులో పది మందిమి. అందులో ముగ్గురివి పశ్చిమ గోదావరి నుంచి సినిమా పనికి వచ్చిన కుటుంబాలు. వాళ్ళకు అల్లిక తల్లుల దగ్గర నుంచి, అమ్మమ్మల దగ్గర నుంచి వచ్చింది. అయితే అది ఊలు కాదు, లేసు. సూది రెండు కాదు, కొక్కెం ఉన్న ఒకే సూది. క్రోషా అంటారు. వాళ్ళ దగ్గర మొదలైన పనే మా అందరికీ అంటింది. అందుకని మా పట్టీ చరిత్ర నరసాపురం మీదుగానే రావాలి.

పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ఈ పని ఇక్కడ నేర్పారు. అదే శతాబ్దంలో ఐర్లండులో 1845 నుంచి పెద్ద కరువు వచ్చింది. అక్కడ కూడా పేద ఆడపిల్లలకు లేసు అల్లిక నేర్పి, అమ్మించి, నాలుగు డబ్బులు వచ్చేట్టు చేశారు. ఇక్కడా అదే ఆలోచన. మొదట మిషన్‌లో చేరిన పేద కుటుంబాల ఆడవాళ్ళు నేర్చుకున్నారు. కొన్నాళ్ళకు గోషా పాటించే ఇళ్ళలోకి కూడా పని వెళ్ళింది. గడప దాటనక్కరలేదు, అరుగు మీద కూర్చుని అల్లుకోవచ్చు, పరువుకు లోటు లేదు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో అల్లని ఇల్లు తక్కువ. సరుకు ఓడలెక్కి ఇంగ్లండు, అమెరికా పోయింది.

1977, 78 సంవత్సరాల్లో మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ నరసాపురం వచ్చి, ఆ ఆడవాళ్ళ మధ్య ఉండి వివరాలు సేకరించారు. 1982లో ఆమె పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. ఆమె చూసింది ఏమిటంటే, లక్ష మందికి పైగా ఆడవాళ్ళు అల్లుతున్నారని అంచనా. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారు. అంత పని చేసినా చేతికి రోజుకు రూపాయి కూడా వచ్చేది కాదు. పొలంలో కలుపు తీసే ఆడకూలీకి వచ్చేదాని కంటే అది తక్కువ. ఎగుమతి చేసే వ్యాపారులు మేడలు కట్టారు. అల్లినవాళ్ళ ఇళ్ళు అట్లాగే ఉన్నాయి.

ఎందుకు ఇట్లా జరిగింది? ఆమె చెప్పిన కారణాలు చదివితే మన గురించే రాసినట్టు ఉంటుంది.

మొదటిది, ఆ పనిని ఎవరూ పని అనలేదు. "ఇంట్లో ఖాళీగా కూర్చునే బదులు చేసుకునేది" అన్నారు. చేసేవాళ్ళు కూడా అట్లాగే అన్నారు. అల్లేది కూలీ కాదు, ఇల్లాలు. ఇల్లాలి తీరికకు రేటు ఎవరు కడతారు? జనాభా లెక్కలు రాసేవాళ్ళు వచ్చినప్పుడు కూడా చాలామంది పేరు పనిచేసేవాళ్ళ కాలమ్‌లోకి ఎక్కలేదు.

రెండోది, పనిని ముక్కలు చేశారు. పువ్వు ఒకరు అల్లుతారు. ఆ పువ్వులన్నీ కలిపే అతుకుపని ఇంకొకరిది. పువ్వు అల్లినామెకు అది బల్ల మీద గుడ్డ అవుతుందో, దుప్పటి అవుతుందో తెలియదు. చివరికి ఎంతకు అమ్ముడుపోతుందో అసలే తెలియదు.

మూడోది, ఎవరి ఇంట్లో వాళ్ళు ఉన్నారు. ఏజెంటు ఒక్కో గడపకు వచ్చి దారం ఇచ్చి, సరుకు తీసుకుపోయేవాడు. ఈ వీధిలో ఎంత ఇస్తున్నాడో పక్క వీధికి తెలియదు. ఒకామె "చాలదు" అంటే ఏజెంటుకు పోయేదేమీ లేదు. పక్కింటి గడప ఉంది.

ఇప్పుడు కొంత మారింది. నరసాపురం దగ్గర లేసు పార్కు వచ్చింది. ఆడవాళ్ళ సహకార సంఘాలు వచ్చాయి. 2024లో నరసాపురం క్రోషా లేసుకు జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరుతో రక్షణ, వచ్చింది. ఇక మీద వేరే చోట మిషను మీద చేసిన లేసును నరసాపురం లేసు అని అమ్మకూడదు. ఇది మంచి మాటే. కానీ జీఐ వస్తువు పేరును కాపాడుతుంది. అల్లే మనిషి గంటకు ఎంత రావాలో అది చెప్పదు. ఆ మాట మనమే చెప్పుకోవాలి.

లేసు నుంచి ఊలుకు, ఊలు నుంచి గుండీకి

నరసాపురం సముద్రం పక్క. అక్కడ ఊలుతో పని లేదు, నూలుదారమే. హైదరాబాదు వచ్చాక చలి ఉంది కాబట్టి ఊలు చేతికి వచ్చింది. మాలో కొందరు బడిలో ఎస్.యు.పి.డబ్ల్యు. పీరియడ్‌లో రెండు సూదులు పట్టినవాళ్ళు. కుట్టు పేర్లు కూడా మాకు హిందీలోనే అలవాటు: సీదా, ఉల్టా. ఊలు బేగంబజార్ నుంచి, గుండీలు సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి తెస్తాం. చాలావరకు ఆక్రిలిక్ ఊలే. గొర్రె ఉన్ని అయితే ధర ఎక్కువ, కొందరి చెవులకు గుచ్చుతుంది.

మొదట టోపీలు అల్లేవాళ్ళం. ఆడవాళ్ళు కొనేవాళ్ళు కాదు. ఎందుకంటే టోపీ పెడితే కొప్పు అణుగుతుంది, పువ్వులు నలుగుతాయి. గుండ్రంగా అల్లిన పట్టీ కూడా తల మీదుగా లాగాలి, జడ చెదురుతుంది. షూటింగుకు పోయే అమ్మాయి మేకప్ వేసుకున్నాక దాన్ని మొహం మీదుగా దించలేదు. కంటి ఆపరేషన్ అయిన ముసలమ్మకు కూడా కష్టమే. గుండీ పెడితే ఈ బాధలన్నీ పోయాయి. తల తాకకుండా చుట్టూ తిప్పి పెట్టుకోవచ్చు, తియ్యవచ్చు. మా గ్రూపులో ఒక పెద్దమ్మ "మెడ వెనక గుండీ వద్దే, జడ కింద గుచ్చుతది, పండుకుంటే నొస్తది. ఎడమ చెవి వెనక పెట్టు" అన్నది. అప్పటి నుంచి గుండీ అక్కడే. హెల్మెట్ కింద కూడా ఒత్తదు.

చెయ్యడం ఇట్లా. మామూలు మందం ఊలు, 4 మిల్లీమీటర్ల సూదులు. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత ఇరవై ఒకటి, ఇరవై రెండు అంగుళాలు. పట్టీ సాగుతుంది కాబట్టి 20 అంగుళాలు అల్లి, ఒక అంగుళం మీద మీదికి వచ్చేట్టు గుండీ పెడితే సరిపోతుంది.

మొదట సూది మీదికి 10 కుట్లు ఎక్కించాలి. అన్ని వరసలూ సీదాయే. నాలుగు వరసలయ్యాక కాజా. నాలుగు కుట్లు అల్లి, మధ్యలో రెండు కుట్లు ముయ్యాలి, మిగతా నాలుగు అల్లాలి. తర్వాతి వరసలో ఆ ఖాళీ దగ్గర రెండు కుట్లు మళ్ళీ ఎక్కించాలి. ఆ తర్వాత వరస విడిచి వరస, అటొకటి ఇటొకటి పెంచుతూ 22 కుట్లకు తేవాలి. అప్పుడు వెడల్పు నాలుగు అంగుళాలు వస్తుంది, చెవి మొత్తం కప్పుతుంది. చివర్లో అదే పద్ధతిలో తగ్గిస్తూ 10కి తెచ్చి ముయ్యాలి. ఆ కొస మీద గుండీ కుట్టాలి. గుండీ కాజా కంటే కొంచెం పెద్దదే ఉండాలి. ఊలు సాగుతుంది, చిన్న గుండీ పెడితే జారిపోతుంది. గుండీ కింద లోపలి వైపు చిన్న గుడ్డ ముక్క వేసి కుడితే ఊలు చిరగదు.

4,400 కుట్లు

పోయిన చలికాలం ఒక వ్యాపారి మా గ్రూపు దగ్గరికి వచ్చాడు. ఊలు, గుండీలు తనే ఇస్తానన్నాడు, పట్టీకి 30 రూపాయల కూలి అన్నాడు. ఎన్ని చేస్తే అన్ని తీసుకుంటానన్నాడు. "టీవీ చూసుకుంటూ చేసుకునే పనే కదమ్మా" అన్నాడు.

ఆ మాట నరసాపురంలో నూరేళ్ళకు పైగా అన్న మాటే. అందుకని ఆ వారం మీటింగులో కాగితం పెట్టి లెక్క వేశాం. పట్టీ 20 అంగుళాలు. అంగుళానికి సుమారు 10 వరసలు, అంటే 200 వరసలు. వరసకు 22 కుట్లు. మొత్తం 4,400 కుట్లు. కొసల్లో తగ్గేవి కొన్ని ఉంటాయి, తప్పు పోయి విప్పి మళ్ళీ అల్లేవి కొన్ని ఉంటాయి, దానికీ దీనికీ సరి. చెయ్యి తిరిగిన మనిషి నిమిషానికి 25 కుట్లు వేస్తుంది. అంటే 176 నిమిషాలు, దగ్గర దగ్గర మూడు గంటలు. దారం కొసలు లోపలికి దాచి, గుండీ కుట్టేసరికి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు. 30 రూపాయలను మూడుంబావు గంటలతో భాగిస్తే గంటకు తొమ్మిది రూపాయల చిల్లర. మా బస్తీలో ఏ పాచిపనికి పోయినా అంతకంటే ఎక్కువే వస్తుంది.

లెక్క చూసి అందరం ఒక మాట మీద లేము. ఒకామె "వద్దు" అన్నది. ఇంకొకామె "నీకు మీ ఆయన జీతం వస్తుంది వదినా. నాకు పిల్ల ఫీజు కట్టాలి. 30 అయినా నా చేతికి వచ్చేది నాకు వచ్చినట్టే" అన్నది. ఆమె మాటలో తప్పు లేదు. బయట పనికి పోలేని మనిషికి, ఇంట్లో పసిపిల్లో మంచం పట్టిన అత్తో ఉన్న మనిషికి, తొమ్మిది రూపాయలు సున్నా కంటే ఎక్కువే. వ్యాపారి ఆ సంగతి తెలిసే వస్తాడు. చివరికి గ్రూపుగా ఆ పని ఒప్పుకోలేదు. ఆ నెల ఆమెకు ఫీజు కోసం గ్రూపు నుంచి అంతర్గత అప్పు ఇచ్చాం. వ్యాపారి వేరే వీధికి పోయాడు. అక్కడ పని దొరికిందని తర్వాత తెలిసింది.

అక్కడే మాకు అర్థమైంది. ఒక గ్రూపు "చాలదు" అంటే సరిపోదు. నరసాపురంలో ఒక్కో గడప దగ్గర జరిగింది ఇక్కడ ఒక్కో గ్రూపు దగ్గర జరుగుతుంది. గడపలకు కలిసే చోటు లేకపోయింది. మనకు ఉంది. దాని పేరే సమాఖ్య.

పుస్తకంలో లేని గీత

మన పొదుపు గ్రూపులు ఊరికే రాలేదు. హైదరాబాదు బస్తీల్లో 1967లోనే యూసీడీ పని మొదలైంది. 1992లో నాబార్డు గ్రూపులను బ్యాంకులతో కలిపే పద్ధతి మొదలుపెట్టింది. అప్పుడే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగారు. ఆ జిల్లాలోనే పొదుపులక్ష్మి గ్రూపులు వచ్చాయి. సారాకు పోయే రూపాయి పుస్తకంలోకి వచ్చింది. పుస్తకంలో రాసిన రూపాయికి బ్యాంకు కూడా విలువ ఇచ్చింది. రాయకముందు ఆ రూపాయి ఎవరికీ కనబడలేదు.

మన పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఒకటి. కానీ మన పుస్తకంలో రూపాయలకే గీత ఉంది, గంటలకు లేదు. అల్లికకు, కుట్టుకు, విస్తళ్ళకు, పచ్చళ్ళకు పెట్టిన గంటలు ఎక్కడా ఎక్కడం లేదు. రాయని గంట తీరిక అయిపోతుంది. నరసాపురంలో అయింది అదే.

ఇది మన ఒక్కరి గోల కూడా కాదు. అహ్మదాబాదులో ఇళా భట్ గారు 1972లో సేవా సంఘం పెట్టి, ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్ళు కూడా కార్మికులే అని చెప్పారు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ కోసం విడిగా ఒప్పందం చేసింది. మన దేశంలో 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే పీసు రేటుకు కూడా కనీసం నిర్ణయించే వీలు ఉండేది. పీసు లెక్కన పని అంటే గంట లెక్క పోయినట్టు కాదని ఎప్పుడో ఒప్పుకున్నారు.

అందుకని సమాఖ్య ముందు మా గ్రూపు మూడు మాటలు పెడుతున్నది.

ఒకటి, వస్తువు తయారుచేసే ప్రతి గ్రూపు మీటింగు పుస్తకంలో గంటల గీత ఒకటి గియ్యాలి. ఎవరు, ఏ వస్తువు, ఎన్ని గంటలు. వారానికోసారి రాస్తే చాలు.

రెండు, ఆ గంటలు చూసి, ఒక్కో వస్తువుకు సమాఖ్య మొత్తానికి ఒకటే కనీస కూలి పెట్టాలి. వ్యాపారి ఈ వీధికి వచ్చినా, ఆ వీధికి పోయినా అదే మాట వినాలి.

మూడు, ఆ రేటు కోసం పని వదులుకున్న నెలలో డబ్బు అవసరం పడ్డ సభ్యురాలికి సమాఖ్య నిధి నుంచి తక్కువ వడ్డీకి చిన్న అప్పు ఇవ్వాలి. ఇది లేకుండా మొదటి రెండూ నిలబడవు. ఆకలి మీద ఎవరి మాటా నిలబడదు.

ఈ సంవత్సరం మేము సొంతంగా చేసి అమ్మిన ప్రతి పట్టీకి ఒక చిన్న చీటీ కడుతున్నాం. దాని మీద ధర ఉంటుంది. ధర కింద "చేతి పని 3 గంటల 15 నిమిషాలు" అని ఉంటుంది. కొనేవాళ్ళు కొందరు చదివి బేరం ఆపుతున్నారు, కొందరు చదివి కూడా బేరం చేస్తున్నారు. చేసినా ఫరవాలేదు. ఆ గంటలు మాత్రం ఇప్పుడు కాగితం మీద ఉన్నాయి.